పిరమిడ్‌లో మూడో వంతు

పోయిన ఉగాదికి మన హాలులో పిల్లల చేత రాయించి పెట్టిన చార్టులు మీలో చాలామంది చూసే ఉంటారు. గుమ్మం పక్కన ఉన్నది "మన గణితవేత్తలు". దాని పని నాకు అప్పగించారు. నేను లెక్కల మనిషిని కాను. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న నాడే లెక్కలకి దూరం నుంచి నమస్కారం పెట్టేశాను. కాని శనివారం తెలుగు క్లాసులో పెద్దపిల్లల గుంపు నాది కాబట్టి తప్పించుకోవడం కుదరలేదు. ఆ చార్టులో ఒక్క వరుస మీద కమిటీలో కొన్ని వారాలు వాదన నడిచింది. ఆ సంగతి చాలామందికి సగం సగం తెలుసు. పూర్తిగా రాయమని సంపాదకులు అడిగారు. "ఈసారికి బీపీ గురించి వద్దు లెండి" అని కూడా అన్నారు.

అసలు ఇది మొదలైంది ఒక హోంవర్కు దగ్గర. మా గుంపులో ఒక అమ్మాయి ఇక్కడి సెకండరీ స్కూల్లో తొమ్మిదో ఏడు చదువుతోంది. గుణింతాలు అయిపోయి బిస్కట్లు తినే వేళకి లెక్కల పుస్తకం తీసింది. చదునైన ముఖాలు గల ఘనాకారాల పాఠం. ఘనం, దీర్ఘఘనం, పట్టకం, పిరమిడ్. ముఖాలెన్ని, అంచులెన్ని, శీర్షాలెన్ని అని లెక్కపెట్టడం అయిపోయి ఘనపరిమాణాల దగ్గరికి వచ్చారు. పట్టకానికి భూమి వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే సరి. పిరమిడ్‌కి అందులో మూడో వంతు.

"అంకుల్, మూడో వంతు ఎందుకు? త్రిభుజమైతే దీర్ఘచతురస్రంలో సగం కదా. ఇది కూడా అలాగే పైకి మొనదేలిందే కదా. సగం ఎందుకు కాదు?" అంది.

నాకు జవాబు తెలియదు. రోగి ముందు "తెలియదు" అనడం కొంత అలవాటైంది గాని, పిల్లల ముందు ఇంకా కష్టంగానే ఉంది. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు ఈ పాఠం ఎలా చెప్పారో గుర్తు చేసుకుని చెప్పాను. ఆయన పెళ్ళిపత్రికల అట్టలు కోసి, మైదాపిండి ఉడికించి అంటించి, ఒకే భూమి, ఒకే ఎత్తు గల ఒక పట్టకాన్నీ ఒక పిరమిడ్‌నీ తయారుచేశారు. పిరమిడ్ నిండా ఇసుక నింపి పట్టకంలో పొయ్యమన్నారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారి పోశాక కూడా గోరంత వెలితి ఉండిపోయింది. వెనక బెంచీ వాడెవడో "సార్, నిండలేదు" అన్నాడు. "అట్ట వంగిందిరా, సూత్రం వంగలేదు" అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది. పరీక్షలో అందరం మూడో వంతు అనే రాశాం.

ఆ అమ్మాయి అంతా విని, "మూడు అని తెలిసింది, ఎందుకు మూడో తెలియలేదు" అంది. నిజమే.

తరవాత చార్టు కోసమని లైబ్రరీ నుంచి శుక్లా, శర్మ గార్లు 1976లో అచ్చువేసిన ఆర్యభటీయం తెప్పించుకున్నాను. సున్నా గురించో, భూభ్రమణం గురించో నాలుగు ముక్కలు రాసుకుని తిరిగి ఇచ్చేద్దామని నా ఉద్దేశం. గణితపాదం చిన్నదే, ముప్పై మూడు శ్లోకాలు. ఆరో శ్లోకం దగ్గర ఆగిపోయాను. మొదటి సగంలో త్రిభుజ వైశాల్యం. రెండో సగంలో, ఆ వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం చేస్తే ఆ త్రిభుజం మీద లేచిన ఘనాకారపు పరిమాణం వస్తుందని ఉంది. సగం! 499 ప్రాంతంలో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఆర్యభటుడు ఇచ్చిన జవాబూ మా తెలుగు క్లాసు అమ్మాయి వేసిన ప్రశ్నా ఒకటే.

నాలుగు త్రిభుజాకార ముఖాలు గల ఈ ఆకారాన్ని ఆర్యభటుడు "షడశ్రి" అన్నాడు. ఆరు అంచులు కలది అని. మన పాఠ్యపుస్తకాలు ముఖాలు లెక్కపెట్టి చతుర్ముఖి అంటాయి. ఆయన అంచులు లెక్కపెట్టాడు. ముఖాలు, శీర్షాలు, అంచులు ఈ మూడింటినీ కలిపి ఆయిలర్ తన సూత్రాన్ని ఒక ఉత్తరంలో రాసింది 1750లో. అంచుకి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి లెక్కలోకి తెచ్చిన ఘనత ఆయిలర్‌దేనని చరిత్రకారులు అంటారు. యూరప్ మటుకు అది సరేగాని, అంచుల్ని బట్టి ఆకారానికి పేరు పెట్టినవాడు మనకి పన్నెండు వందల ఏళ్ళ ముందే ఉన్నాడు. ఇది చార్టులో రాసుకోవడానికి బాగానే ఉంది. పక్కనే ఉన్న సగం మాటే ఇబ్బంది.

భాస్కరుడు (లీలావతి భాస్కరాచార్యుడు కాడు, అంతకు అయిదు వందల ఏళ్ళ ముందరివాడు) 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్య రాస్తూ ఇదే శ్లోకానికి ఒక లెక్క ఇచ్చాడు. ఆరు అంచులూ పన్నెండేసి ఉన్న ఆకారం. దాన్ని ఆయన శృంగాటకంతో పోల్చాడు. నీళ్ళలో పెరిగే ముళ్ళకాయ, హిందీవాళ్ళు సింఘాడా అంటారే, అది. ఆ లెక్క నేను కాగితం మీద చేసి చూశాను. భూమి వైశాల్యం 3888కి వర్గమూలం. సరిగ్గా ఉంది. ఎత్తు 96కి వర్గమూలం. అదీ సరిగ్గానే ఉంది. ఈ ఎత్తు కనుక్కోవడం మాటలు కాదు సుమండీ. పై మొన నుంచి దారం వేలాడదీస్తే అది భూమిని ఎక్కడ తాకుతుందో మనసులో చూడగలగాలి. అంత పనీ చక్కగా చేసి, చివరి మెట్టు మీద సగం అన్నాడు. 93312కి వర్గమూలం, అంటే సుమారు 305 అర. అసలు విలువ 203.6. సరిగ్గా ఒకటిన్నర రెట్లు ఎక్కువ.

ఎందుకు సగం అన్నాడు? ఆ అమ్మాయి ఎందుకు అందో అందుకే అయి ఉంటుందని నా ఊహ. శ్లోకం మొదటి సగంలో త్రిభుజానికి సగం. రెండో సగంలో ఘనాకారానికీ సగం. ఒక మెట్టు మీద నిజమైనది పై మెట్టు మీద కూడా నిజమే అయి ఉండాలని మనసు లాగుతుంది. ఆ తరవాతి శ్లోకంలో గోళం ఘనపరిమాణానికి ఇచ్చిన సూత్రం కూడా తప్పే. అదే గణితపాదంలో, నాలుగు శ్లోకాలు దాటగానే, వృత్తపరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తి 3.1416 అని, అది కూడా "దగ్గర విలువ" మాత్రమేనని చెప్పినవాడు ఈయనే.

నేను చార్టు చిత్తు రాసి కమిటీలో చదివాను. ఆర్యభటుడు సగం అన్నాడు, అది పొరపాటు, తరవాత దిద్దారు అని ఒక వరుస. అక్కడ మొదలైంది.

మన సంఘంలో అందరూ గౌరవించే పెద్దాయన ఒకరు, స్వదేశంలో నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినవారు, కళ్ళజోడు తీసి అన్నారు. "డాక్టరు గారూ, ఇక్కడ పిల్లలకి మనవాళ్ళ గొప్ప చెప్పేవాళ్ళే కరువు. స్కూల్లో ఎటూ చెప్పరు. ఏడాదికొక్కసారి ఉగాది నాడు మనం చెప్పుకునే నాలుగు మాటల్లో కూడా తప్పులే వెతకాలా?" ఆ మాటలో బాధ ఉంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. నా కూతురు స్కూల్లో గణితచరిత్ర అని ఒక పేజీ ఇచ్చారు. అందులో గ్రీకులు ఉన్నారు, అరబ్బులు ఉన్నారు, మనవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

ఇంకొకాయన ఆ శ్లోకంలోని మాటలకి వేరే అర్థం చెప్పుకుంటే మూడో వంతే వస్తుందేమో చూడమన్నారు. అలాంటి ప్రయత్నం చేసిన పండితులు లేకపోలేదు. కాని ఆ మాటలు చదువుకున్న మన వ్యాఖ్యాతను, అందులోనూ ఆర్యభటుడి మీద అంత భక్తి గల భాస్కరుణ్ణి, పక్కకి నెట్టి కొత్త అర్థం తీయాలి. అప్పుడు నాకు మా వృత్తిలో కథే గుర్తుకొచ్చింది. మనిషి కింది దవడలో రెండు ఎముకలు ఉంటాయని గేలెన్ రాశాడు. జంతువుల్ని కోసి చూసి మనిషికి అన్వయించాడాయన. పదమూడు వందల ఏళ్ళు అదే పాఠం. 1543లో వెసేలియస్ శవాన్ని కోసి, ఒక్కటే ఎముక అని చూపించాడు. దానికి వెసేలియస్ గురువు సిల్వియస్ ఒప్పుకోలేదు. గేలెన్ తప్పు రాయలేదు, ఆనాటి నుంచి మనుషుల శరీరాలే మారిపోయాయి అన్నాడు! ఇది చెబితే కమిటీలో కొందరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"సరే, దిద్దింది ఎవరు? గ్రీకులేనా?" అని అడిగారు.

కాదు. బ్రహ్మగుప్తుడు. 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో గణితాధ్యాయం ఉంది. అందులో గోతుల లెక్కలు ఒక భాగం. అడుగు చదునుగా ఉన్న గొయ్యికి వైశాల్యాన్ని లోతుతో గుణించు, అది మొనదేలి సూదిలా దిగితే వచ్చినదాన్ని మూడుతో భాగించు అన్నాడు. ఆ శ్లోకంలో ఆర్యభటుడి పేరు లేదు. నిరూపణ కూడా ఇవ్వలేదు. తేదీలు చూడండి. మూడో వంతు అన్న పుస్తకం 628ది. సగం అన్న వ్యాఖ్య 629ది. ఒక్క ఏడాది తేడాతో, ఒకే దేశంలో, రెండు జవాబులూ తాటాకుల మీద పక్కపక్కనే బతికాయి. లీలావతి (1150) నాటికి మూడో వంతే నిలిచింది.

గొయ్యి అనగానే మా పెద్దాయన ముందుకి వంగారు. చెరువుకట్టకి మట్టి తీసేటప్పుడు గోతుల మధ్య మధ్య మట్టిదిబ్బలు తవ్వకుండా వదిలేస్తారనీ, తరవాత ఆ దిబ్బ ఎత్తు కొలిచి లోతు రాసుకుంటారనీ, తాను చేరిన కొత్తలో కూలీల ముఠామేస్త్రి తనకంటే వేగంగా నోటిలెక్క వేసి చెప్పేవాడనీ చెప్పుకొచ్చారు. "మొనదేలిన గోతికి మూడో వంతుకి బదులు సగం లెక్క వేశామనుకోండి, ఒకటిన్నర రెట్లు కూలీ ఇచ్చుకోవాలి. ఒక్క రోజులో తెలిసిపోతుంది" అన్నారు. నాకు ఆ మాట చాలా నచ్చింది. సింఘాడా ఆకారంలో ఇల్లు ఎవరూ కట్టరు, గొయ్యి ఎవరూ తవ్వరు. ఆర్యభటుడి లెక్కని సరిచూసే మేస్త్రి లేడు. బ్రహ్మగుప్తుడి లెక్క వెనక గునపాలున్నాయి. ఇది నా ఊహే. చరిత్ర పుస్తకాల్లో దొరకలేదు.

బ్రహ్మగుప్తుడు కూడా పూజగదిలో పెట్టుకోవలసినవాడేమీ కాదు. ఆర్యభటుణ్ణి ఏకంగా ఒక అధ్యాయంలో చెరిగేశాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని ఆర్యభటుడు అంటే, తిరిగితే ఎత్తైనవి పడిపోవేం అని వెక్కిరించాడు. ఘనపరిమాణంలో దిద్దినవాడు ఇక్కడ పొరపడ్డాడు. దిద్దించుకున్నవాడిది ఇక్కడ సరైన మాట. మళ్ళీ అదే బ్రహ్మగుప్తుడు 665లో ఖండఖాద్యకం రాసేటప్పుడు ఆర్యభటుడి లెక్కల్నే ఆధారం చేసుకున్నాడు.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈజిప్టువాళ్ళు సుమారు 3,800 ఏళ్ళ కిందటే, తల కోసేసిన పిరమిడ్ లెక్క సరిగ్గా చేశారు. ఆ పపైరస్ ఇప్పుడు మాస్కోలో ఉంది. కింద భుజం 4, పైన 2, ఎత్తు 6. పదహారూ ఎనిమిదీ నాలుగూ కలిపి 28, దాన్ని ఎత్తులో మూడో వంతైన 2తో గుణిస్తే 56. ఎలా వచ్చిందో వాళ్ళూ రాయలేదు. గ్రీకుల్లో మూడో వంతు అని మొదట చెప్పినవాడు డెమోక్రిటస్ అనీ, రుజువు చేసినవాడు యుడాక్సస్ అనీ ఆర్కిమిడీస్ రాశాడు. యూక్లిడ్ పన్నెండో పుస్తకంలో త్రిభుజ పట్టకాన్ని మూడు సమానమైన పిరమిడ్లుగా కోసి చూపించాడు. చైనాలో లియూ హుయీ 263లో తనదైన దారిలో రుజువు చేశాడు.

ఇంత చదివాక ఆ అమ్మాయికి జవాబు బాకీ పడ్డానని గుర్తొచ్చింది. తరవాతి శనివారం ఒక పెద్ద స్వీడ్ దుంప (ఇక్కడివాళ్ళు తినే పసుపు టర్నిప్) కొని, నాలుగు వైపులా చెక్కి ఘనం చేసి పట్టుకెళ్ళాను. కత్తి మాత్రం నేనే పట్టుకున్నాను. ఘనంలో ఏదో ఒక మూల తీసుకోండి. ఆ మూలని తాకని ముఖాలు మూడే ఉంటాయి. ఆ మూలని మొనగా, ఆ మూడు ముఖాల్ని ఒక్కొక్కటి భూమిగా పెట్టుకుని కోస్తే మూడు పిరమిడ్లు వస్తాయి. మూడూ అచ్చంగా ఒకటే. కలిపితే ఘనం. ఇసుక అక్కరలేదు, అట్ట వంగదు. త్రిభుజానికి రెండు ఎందుకంటే కాగితానికి రెండు దిక్కులు కాబట్టి. దుంపకి మూడు దిక్కులు కాబట్టి మూడు.

పిల్లలు ముక్కలు విడదీసి కలిపి చూస్తున్నారు. ఆ అమ్మాయి మాత్రం, "ఇవి వంకరగా ఉన్నాయి. మొన మూల మీద ఉంది. ఈజిప్టు వాటికి మొన నడిమధ్య ఉంటుంది. ఎత్తు కూడా భుజమంతే ఉండనక్కరలేదు. వాటికీ మూడో వంతే అని ఎలా తెలుసు?" అంది.

అప్పుడు హాలులో మూల బల్ల మీద ఈ పత్రికే, ఇంకా పిన్ను కొట్టని కాగితాల దొంతర ఉంది. ఆ దొంతరని అరచేత్తో పక్కకి నెట్టాను. నిటారుగా ఉన్నది వాలింది. కాగితాలు అవే. ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. పిరమిడ్‌ని కూడా సన్నటి పొరలుగా అనుకుని మొనని మూల నుంచి మధ్యకి జరిపితే పరిమాణం మారదు. ఒక్కొక్క పొర మందాన్ని రెట్టింపు చేస్తే ఎత్తూ రెట్టింపు, పరిమాణమూ రెట్టింపు. దీన్ని ఇటలీలో కవలియేరి 1635లో పుస్తకంగా రాశాడు. ఆమె ఒప్పుకుంది గాని, "పొరలు అంటే మళ్ళీ కాగితాలు కదా, అంచుల్లో మెట్లు మెట్లుగా ఉంటాయి కదా. దుంపలాగా కోసి చూపించలేమా?" అని గొణిగింది.

ఇక్కడ నాకు ఒళ్ళు జలదరించింది. ఇది చిన్నపిల్ల పేచీ కాదు. ఇదే అసంతృప్తిని గౌస్ 1844లో ఉత్తరాల్లో రాసుకున్నాడు. 1900లో పారిస్ మహాసభలో హిల్బర్ట్ రాబోయే శతాబ్దానికి తన ప్రఖ్యాతమైన ప్రశ్నల పట్టిక ఇచ్చినప్పుడు అందులో మూడోది ఇదే. ఒకే భూమి, ఒకే ఎత్తు గల రెండు చతుర్ముఖుల్లో ఒకదాన్ని కొన్ని ముక్కలుగా కోసి, ఆ ముక్కలతోనే రెండోదాన్ని అమర్చగలమా? కాగితం మీది ఆకారాలకైతే ఎప్పుడూ అమర్చగలం. ఘనాకారాలకి అలా అన్నిసార్లూ కుదరదని ఆ ఏడాదే తేల్చినవాడు హిల్బర్ట్ శిష్యుడు మాక్స్ డేన్, అప్పటికి ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. అంచుల పొడవుల్నీ, ఆ అంచుల దగ్గర ముఖాలు కలిసే కోణాల్నీ జతచేసి ఒక లెక్క కట్టాడు. ఎన్ని ముక్కలుగా కోసినా ఆ లెక్క మారదు. రెండు ఆకారాలకి అది వేరైతే ఇక అమరవు. అంటే కత్తితో అన్నిసార్లూ పని జరగదు, అంతులేని పొరల దాకా పోక తప్పదు. పదమూడేళ్ళ పిల్లలకి ఒక్క ముక్కలో చెప్పి వదిలేసే మూడో వంతు వెనక ఉన్నది ఇది.

డేన్ గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆయన యూదుడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రొఫెసరు. హిట్లర్ రాజ్యంలో ఉద్యోగం పోయి, 1939లో నార్వే చేరి, అక్కడికీ జర్మన్ సైన్యం వస్తే సైబీరియా రైల్లో జపాన్ దాకా పోయి, ఓడెక్కి అమెరికా చేరాడు. అరవై దాటిన వయసు. చివరికి నార్త్ కరోలినా కొండల్లో బ్లాక్ మౌంటెన్ అనే చిన్న కళల కాలేజీలో పాఠాలు చెబుతూ 1952లో పోయాడు. అక్కడ ఆయన తప్ప ఇంకో గణితవేత్త లేడు. మనం ఇష్టపడి, వీసా కొట్టించుకుని వచ్చినవాళ్ళం. అయినా ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చార్టు సంగతి. చివరికి ఆర్యభటుడి కింద నాలుగు వరుసలు రాశాం. భూభ్రమణం, 3.1416, షడశ్రి అన్న పేరు, సగం. బ్రహ్మగుప్తుడి కింద మూడో వంతు, ఇంకా భూమి తిరగదన్న ఆయన వాదం. మహావీరాచార్యుడి పక్కన, ఆయన పుస్తకాన్ని పద్యాల్లో తెలుగు చేసిన మన పావులూరి మల్లన. అక్షరాలు పెద్దాయనవి. మా ఎవరి దస్తూరీ అంత గుండ్రంగా ఉండదు కాబట్టి ఆయన్నే రాయమన్నాం. "సగం" అని రాసే చోట కలం ఆపి, "పొరపాటు అనే మాట వద్దు. సగం అన్నాడు, నూట ఇరవై తొమ్మిదేళ్ళకి బ్రహ్మగుప్తుడు మూడో వంతు అన్నాడు అని రాస్తాను, చదివేవాళ్ళకి తెలియదా?" అన్నారు. సరేనన్నాను. 628లోంచి 499 తీసేసి ఆయనే నోటితో లెక్క కట్టారు.

స్వీడ్ ముక్కలు మూడూ వంటగదిలో ఆడవాళ్ళు ఆ మధ్యాహ్నమే సాంబారులో వేసేశారు.